బుడమేరు మోడల్‌లో సింగ్‌నగర్ ఎందుకు తడవలేదు?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. ఎంటెక్ ప్రాజెక్టుకి విజయవాడ పక్కన పారే బుడమేరు వాగు తీసుకున్నావు, ఎస్‌ఆర్‌టీఎం డెమ్ (షటిల్ నుంచి తీసిన నేల ఎత్తుల మ్యాప్) డౌన్‌లోడ్ చేసి హెక్-రాస్ అనే వరద లెక్కల సాఫ్ట్‌వేర్‌లో వన్‌డీ మోడల్ (నీరు ఏటి వెంట ఒకే దిశలో పారుతుందనుకునేది) కట్టావు, వందేళ్ళ వరద (ఏ ఏడాదైనా 1 శాతం అవకాశం ఉన్నంత పెద్దది) పారించావు, కింది చివర నార్మల్ డెప్త్ పెట్టావు, మ్యాప్ వచ్చింది. కానీ 2024 వరదలో పీకల్లోతు మునిగిన విజయవాడ సింగ్‌నగర్ నీ మ్యాప్‌లో పొడిగా ఉంది, పైగా చుక్క నీరు రాని చోట నీలం మరకలు పడ్డాయి. "డిశ్చార్జ్ (సెకనుకి పారే నీళ్ళు) పెంచితే సరిపోతుందా అన్నా" అని అడిగావు. సరిపోదు. పెంచితే సింగ్‌నగర్ తడుస్తుందేమో గానీ అది వేరే దారిలో తడుస్తుంది, నీ గైడ్ "ఈ నీళ్ళు ఎటునుంచొచ్చాయి" అని ఒక్క ముక్క అడిగితే చెప్పలేవు.

నేను ఈ పనిలో ఇరవై ఏళ్ళు దాటా, సగం మన వాగులు కాలవల మీద, మిగతా సగం హైదరాబాద్ ఆఫీసులో కూర్చుని అమెరికా కౌంటీల వరద మ్యాపులు గీస్తూ. దాదాపు కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ చేసేదే నువ్వూ చేశావు, నీళ్ళని పైనుంచి లెక్కేశావు. డెల్టాలో నీళ్ళని కింద నుంచి లెక్కెయ్యాలి.

సాఫ్ట్‌వేర్ మూసేసి ముందు బుడమేరు ఎటు పోతుందో కాగితం మీద గీసుకో. మైలవరం వైపు కొండల్లో పుట్టి వెలగలేరు దగ్గరికొస్తుంది, అక్కడ రెగ్యులేటర్ (నీళ్ళని ఆపి వదిలే గేట్లు) ఉంది, అక్కణ్ణుంచి రెండు దార్లు. ఒకటి డైవర్షన్ ఛానల్, ఇబ్రహీంపట్నం వైపు వెళ్ళి ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది, మధ్యలో పోలవరం కుడి కాలవ నీళ్ళు కూడా అందులోకే వస్తాయి. రెండోది పాత బుడమేరు, ఊరికి ఉత్తరంగా తిరిగి, ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలవ కిందనుంచి యూటీ అనే సొరంగంలో దూరి, మెల్లగా కొల్లేరు చేరుతుంది. కొల్లేరు నీళ్ళు సముద్రానికి పోవాలంటే ఉప్పుటేరు ఒక్కటే దారి. అంటే నీ మోడల్‌కి కింది చివర్లు రెండు, ఒకదాని తాళం కృష్ణ చేతిలో ఉంది, ఇంకోదాని తాళం కొల్లేరు చేతిలో. నువ్వు రెండు చోట్లా నార్మల్ డెప్త్ పెట్టేశావు, అంటే "కింద అడ్డమేమీ లేదు, నీళ్ళు వాటి వాలుకి అవి హాయిగా పోతాయి" అని మోడల్‌కి చెప్పావు. అది నమ్మింది పాపం, సాఫ్ట్‌వేర్‌కి కృష్ణ సంగతి ఏం తెలుసు.

దీని వెనక ఫిజిక్స్ పెద్దదేం కాదు. లోతుగా, నెమ్మదిగా పారే నీళ్ళలో, అంటే ఫ్రూడ్ నంబర్ ఒకటి కంటే తక్కువ ఉన్నప్పుడు, కింద జరిగింది పైకి తెలుస్తుంది. మన మైదానపు వాగులు, డ్రెయిన్లు వరదలో దాదాపు అన్నీ ఇలాంటివే. అందుకే హెక్-రాస్ స్టెడీ ఫ్లో లెక్క కూడా చిట్టచివరి క్రాస్ సెక్షన్‌లో (ఏటిని అడ్డంగా కోసిన కొలతలో) నీటిమట్టం పట్టుకుని, అక్కణ్ణుంచి ఒక్కో సెక్షనూ పైకెక్కుతూ, రాపిడికి ఎంత ఎనర్జీ పోయింది, వెడల్పు మారినచోట ఎంత పోయింది అని కలుపుకుంటూ వెళ్తుంది. మొదటి అంకె తప్పైతే ఆ తప్పు పైదాకా ఎక్కుతుంది. ఎంత దూరం ఎక్కుతుందో తెలియాలంటే మోటు లెక్క ఒకటుంది, కింద నీరు ఎంత లేచిందో దాన్ని వాలుతో భాగించడమే. కిలోమీటరుకి 20 సెంటీమీటర్ల వాలు అనుకో, కింద 3 మీటర్లు లేస్తే దాని ఛాయ 15 కిలోమీటర్లు పైకి పోతుంది. కొండవాగులో అయితే వంద గజాల్లో ఆరిపోయేది, డెల్టాలో ఊళ్ళకి ఊళ్ళు దాటుతుంది. దీనికి ఇంగ్లీషు పేరు వెతుక్కోనక్కర్లేదు, గోదావరి ఒడ్డు జనం ఎప్పట్నుంచో ఎగపోటు అంటారు. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది, గోదావరి పెద్దదొస్తే శబరి నీళ్ళు ముందుకి కదలవు, ఎగదన్ని చింతూరు వైపు లేస్తాయి. అక్కడ వానే పడనక్కర్లేదు.

ఇప్పుడు 2024 సంగతి పెట్టి చూడు. సెప్టెంబరు 1 నాటికి బుడమేరు పరీవాహకంలో కుండపోత, సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, బ్యారేజీ కట్టినప్పట్నుంచీ అంత ఎప్పుడూ రాలేదు, 2009 అక్టోబరులో వచ్చిన 11.10 లక్షలే అప్పటిదాకా రికార్డు. డైవర్షన్ ఛానల్ ఎక్కడికి పోయి పడాలో అక్కడ కృష్ణ ఎదురొచ్చి నిలబడింది. ఛానల్ ఎడమ గట్టుకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి, ఇటు వెలగలేరు గేట్లెత్తితే పాత బుడమేరులోకి కూడా వదిలినట్టైంది, ఊరి మీదకొచ్చాయి. గండ్లు పడ్డానికి ఎగపోటు ఒక్కటే కారణం అనట్లేదు, గట్ల సంగతి, ఛానల్ ఇరుకు సంగతి వేరే పెద్ద కథ. నేననేదల్లా ఇంతే, రెండు నదులకీ వేరువేరుగా వందేళ్ళ వరద కట్టి రెండు మ్యాపులు గీస్తే సెప్టెంబరు 2 అనే రోజు ఏ మ్యాపులోనూ కనపడదు.

అయితే కృష్ణ చివర ఏ మట్టం పెట్టాలి? ఇక్కడ కళ్ళు మూసుకుని వందేళ్ళ కృష్ణ మీద వందేళ్ళ బుడమేరు వేస్తే అది వందేళ్ళది అవదు, ఇంకా చాలా అరుదైనది అవుతుంది, ఎందుకంటే కృష్ణ వరద ఎక్కువసార్లు మహారాష్ట్ర కర్ణాటకల వాన, బుడమేరు వరద మనింటి వాన, రెండూ ఒకే రోజు శిఖరాన ఉండాలని రూలేం లేదు. కానీ పూర్తిగా సంబంధం లేదనీ అనలేం, బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి తెలంగాణ మీదుగా పోతే మున్నేరు, పాలేరు, బుడమేరు అన్నీ కలిసే పొంగుతాయి, 2024లో అయింది అదే. నేనైతే రెండు రన్‌లు వేస్తా, బుడమేరు పెద్దది కృష్ణ మామూలు వరద, కృష్ణ పెద్దది బుడమేరు మామూలు వరద, రెండిట్లో ఏ చోట ఏది ఎత్తుగా వస్తే అది తీసుకుంటా. అమెరికా మ్యాపుల్లో కూడా ఉపనది కలిసే చోట పెద్దనది మట్టాన్ని పైకి సాగదీసి, ఉపనది సొంత మట్టంతో పోల్చి, ఎత్తైనది ఉంచుతాం. దీనికి అదనంగా 2024ని ఉన్నది ఉన్నట్టు మూడో రన్‌గా వెయ్యి, అది డిజైన్ కోసం కాదు, నీ మోడల్ బతికుందో లేదో చూడ్డానికి.

ఇక నేల. ఎస్‌ఆర్‌టీఎం 2000 ఫిబ్రవరిలో 11 రోజుల్లో షటిల్ నుంచి రాడార్‌తో తీసిన డేటా. ఎత్తులో అనుమతించిన పొరపాటు 16 మీటర్లు. నిజానికి చదును నేల మీద అంత ఘోరంగా ఉండదు గానీ, రెండు మూడు మీటర్లు తేడా వచ్చినా నీకు చాలు కొంప మునగడానికి, సింగ్‌నగర్‌లో మునిగిన ఇంటికీ మునగని ఇంటికీ మధ్య తేడా అడుగో అడుగున్నరో ఉంటుంది. పైగా అది నేలని చూడదు, చెట్టు తలనీ డాబా పైకప్పునీ చూస్తుంది, అంకెలు కూడా పూర్తి మీటర్లలోనే ఇస్తుంది. నువ్వు చెప్పిన నీలం మరకలు అవే, డెమ్‌లో ఉన్న దొంగ గుంటలు. నీటిమట్టం కంటే కిందున్న ప్రతి గుంటనీ మ్యాపర్ (హెక్-రాస్‌లో మ్యాప్ గీసే భాగం) నింపేసింది, ఆ గుంటకి ఏటి నుంచి దారుందో లేదో చూడలేదు. ఇస్రో కార్టోడెమ్ వాడినా, చెట్లూ ఇళ్ళూ తీసేసిన ఫాబ్‌డెమ్ వాడినా కొంత నయం, కానీ గ్రిడ్ 30 మీటర్లే. నీ కాలవ గట్టు తల వెడల్పు నాలుగైదు మీటర్లు. 30 మీటర్ల గడిలో గట్టు కరిగిపోతుంది తమ్ముడూ. బుడమేరు వరద కథ మొత్తం గట్లే నడిపిస్తుంటే నీ మోడల్‌లో గట్లే లేవు.

కాబట్టి డబ్బుల్లేని స్టూడెంటువి, లైడార్ (విమానం నుంచి లేజర్‌తో తీసే ఎత్తులు) ఎలాగూ దొరకదు, కనీసం గట్ల తలలు, రోడ్ల సెంటర్ లైన్, రైలు కట్ట, వంతెనల డెక్, కింద ఖానాలు, వీటి ఎత్తుల్ని డీజీపీఎస్‌తో (సర్వేకి వాడే కచ్చితమైన జీపీఎస్) కొట్టు. ఏరు అడుగు భాగం ఏ ఉపగ్రహ డెమ్‌లోనూ ఉండదు, అది చూసేది నీటి పైభాగమే. ఇరిగేషన్ వాళ్ళ దగ్గర ఎల్ సెక్షన్లు (ఏటి పొడుగునా తీసిన ఎత్తులు), క్రాస్ సెక్షన్లు ఉంటాయి, కాలేజీ లెటర్ పట్టుకెళ్ళి ఈఈ ఆఫీసులో డ్రాయింగ్ బ్రాంచిలో అడుగు. మొదటిరోజే ఇవ్వరు, మూడోసారికి ఇస్తారు, టీ టైంకి వెళ్ళకు.

ఆ కాగితాలు చేతికొచ్చాక అసలు గోతి అక్కడుంటుంది, డేటమ్, అంటే ఎత్తుల్ని ఏ సున్నా నుంచి కొలిచారన్నది. నేను కొత్తగా చేరినప్పుడు ఒక డిపార్ట్‌మెంట్ పనిలో పాత ఎల్ సెక్షన్‌కీ మేం చేసిన జీపీఎస్ సర్వేకీ బెంచ్‌మార్క్ వేరని ఎవరూ చూసుకోలేదు, రెండడుగుల తేడా, వంతెన డెక్ నిజం కంటే కిందకి కూర్చుంది, నీళ్ళు దానికి తగిలి ఎగదన్ని మ్యాప్‌లో ఒక ఊరు మొత్తం మునిగింది. పనివాళ్ళు మంచోళ్ళే, లెక్క కరెక్టే, సున్నా ఎక్కడుందో తేడా. మూడు వారాలు పట్టింది పట్టుకోడానికి, అందులో రెండు వారాలు మేం ఎన్ విలువలే (ఏటి గరుకుతనం చెప్పే అంకెలు) తిడుతూ కూర్చున్నాం. జీపీఎస్ ఇచ్చేది ఎలిప్సాయిడ్ (భూమికి లెక్కల్లో వేసిన నున్నటి ఆకారం) నుంచి ఎత్తు, మన ప్రాంతంలో సముద్రమట్టానికీ దానికీ 70 మీటర్ల పైనే తేడా, అందుకే విజయవాడలో నిలబడితే మైనస్‌లో చూపిస్తుంది, అది చూసి కంగారు పడకు, జియాయిడ్ (సముద్రమట్టపు ఆకారం) తేడా సరిచేసుకో. గేజ్ రీడింగులూ అంతే, భద్రాచలంలో 43, 48, 53 అడుగులకి ఒకటి, రెండు, మూడో ప్రమాద హెచ్చరికలు ఎగరేస్తారు కదా, అవి అక్కడి స్కేలు మీద అడుగులు, సముద్రమట్టం నుంచి కాదు. బ్యారేజీ మట్టం 57.05 అడుగులంటే మాత్రం సముద్రమట్టం నుంచి. ప్రతి అంకె పక్కనా "దేని నుంచి" అని రాసుకో. క్యూసెక్కుల్ని (సెకనుకి ఘనపుటడుగులు) క్యూమెక్కులు (సెకనుకి ఘనపు మీటర్లు) చెయ్యాలన్నా అంతే జాగ్రత్త, 35.3తో భాగించాలి, 11.43 లక్షలంటే 32 వేల క్యూమెక్కుల పైమాట.

గట్లు పెట్టాక వన్‌డీలో ఉండకు. వన్‌డీలో ఒక క్రాస్ సెక్షన్ పొడుగునా నీటిమట్టం ఒకటే, గట్టుకి ఇవతలా అవతలా ఒకటే. నిజంగా గట్టు దాటి పోయిన నీళ్ళు వేరే దారి పడతాయి, రోడ్లెంట పారతాయి, రైలు కట్టకి తగిలి నిలబడతాయి, తిరిగి ఏట్లోకి రావు. సింగ్‌నగర్‌లో వారం దాటినా నీళ్ళు దిగకపోవడం గుర్తుందిగా, అది వన్‌డీలో ఎప్పటికీ రాదు. ఏరు వరకు వన్‌డీ ఉంచి గట్టు అవతల టూడీ (నీటిని అన్ని దిక్కులా పారనిచ్చే) ఏరియా పెట్టు, మధ్య లాటరల్ స్ట్రక్చర్ (గట్టు మీంచి పొర్లే నీళ్ళని లెక్కేసేది), లేదంటే మొత్తం టూడీ. హెక్-రాస్ 5.0 నుంచీ, అంటే 2016 నుంచీ టూడీ ఉచితంగా ఉంది, వాడకపోవడానికి సాకు లేదు. గడి చిన్నది చేస్తే సరిపోతుందనుకోకు, 50 మీటర్ల గడైనా పర్లేదు గానీ ప్రతి గట్టు మీదా, రోడ్డు మీదా బ్రేక్‌లైన్ గియ్యి, గడి అంచు గట్టు తల మీద కూర్చోవాలి. లేకపోతే గట్టు గడి మధ్యలో పడి, నీళ్ళు దాన్ని దాటకుండానే అవతల ప్రత్యక్షమవుతాయి, ఆంజనేయుడు సముద్రం దాటినట్టు.

గండి రన్ ఒకటి విడిగా ఉండాల్సిందే. గట్టు ఉంది కాబట్టి వెనక ఊరు క్షేమం అని గీసిన మ్యాప్ లేకపోయినా ఒకటే. అమెరికాలో గట్టుకి సర్టిఫికేషన్ లేకపోతే, అంటే వందేళ్ళ మట్టం మీద మామూలుగా ఇంకో 3 అడుగుల ఎత్తు, పునాది పరీక్షలు, నిర్వహణ ప్లాను ఇవన్నీ చూపించలేకపోతే, అది కాపాడుతుందని లెక్కలోకి తీసుకుని వెనక భూమిని పొడిగా చూపించరు. మన గట్లలో ఎన్ని ఆ పరీక్ష పాసవుతాయో నువ్వే చెప్పు.

ఎన్ విలువ గురించి చాలామంది చాలా రాస్తారు, నేను తక్కువే చెప్తా. శుభ్రమైన మట్టి కాలవకి 0.03 పెట్టావు, బానే ఉంది పుస్తకంలో. మన డ్రెయిన్ల నిండా గుర్రపుడెక్క, తూడు, వాటి మీద ప్లాస్టిక్. అది 0.06 అవ్వొచ్చు, ఇంకా పైకీ పోవచ్చు. వెడల్పు కాలవలో లోతు ఎన్ పవర్ 0.6 చొప్పున పెరుగుతుంది, ఎన్ రెట్టింపైతే లోతు ఒకటిన్నర రెట్లు, 3 మీటర్లు కాస్తా 4.5. అంటే ఆ డ్రెయిన్‌లో గుర్రపుడెక్క తీశారా లేదా అన్నదానికే నీ మ్యాప్ గీత మారిపోతుంది. ఆగస్టులో వెళ్ళి ఫోటోలు తీసుకో, మేలో తీసిన ఫోటో చూసి ఎన్ పెట్టకు.

డిశ్చార్జ్ సంగతి ఒక్క మాట. నీ వాగుకి సరైన గేజ్ లేకపోతే కేంద్ర జలసంఘం సబ్‌జోన్ రిపోర్టుల పద్ధతిలో యూనిట్ హైడ్రోగ్రాఫ్ (వానని బట్టి గంటగంటకీ ఎన్ని నీళ్ళొస్తాయో చెప్పే గీత) కట్టు, గేజ్ ఉంటే గంబెల్, లాగ్ పియర్సన్ (ఎంత వరద ఎంత అరుదో చెప్పే లెక్కలు) రెండూ వేసి ఎంత తేడా వస్తుందో చూపించు. శిఖరం అంకె ఒక్కటే కాదు, మొత్తం హైడ్రోగ్రాఫ్ కావాలి, ఎందుకంటే గట్టు దాటాక ఊళ్ళో ఎంత లోతు అనేది ఎన్ని నీళ్ళొచ్చాయన్న దాన్ని బట్టి ఉంటుంది, ఎంత జోరుగా వచ్చాయన్న దాన్ని బట్టి కాదు.

ఇంక నాకు ఇష్టమైన పని, వరద మార్కులు, అంటే గోడల మీద నీళ్ళు వదిలిన గీతలు. మోడల్ సరిచూసుకోడానికి ఊళ్ళోకి వెళ్ళాలి. ఉపగ్రహ బొమ్మ ఉంది కదా అంటావు, ఉంది, ఇస్రో ఎన్‌ఆర్‌ఎస్‌సీ మ్యాపులు మంచివే, కానీ సెంటినెల్-1 రాడార్ ఉపగ్రహం పైనుంచి పోయిన సమయం, వరద శిఖరం సమయం ఒకటి కాదు, అప్పటికి ఒక ఉపగ్రహమే పనిచేస్తోంది కాబట్టి 12 రోజులకోసారి, పైగా ఇళ్ళ మధ్య నీళ్ళని రాడార్ సరిగా పట్టలేదు, గోడలకి తగిలి రెండుసార్లు తిరిగొచ్చి నీళ్ళున్న చోటే తెల్లగా మెరుస్తుంది. పొలాల్లో నమ్ము, కాలనీల్లో నమ్మకు. కాలనీల్లో గోడలు చూడు. బయట గోడలకి ఈపాటికి రంగులేసేసి ఉంటారు, నేను లోపలికి రానిస్తారా అని అడుగుతా. ఒకింట్లో పెద్దావిడ బీరువా జరిపించింది, దాని వెనక గోడ మీద గీత తీర్చి దిద్దినట్టుంది, పైన మామూలు సున్నం, కింద బురద రంగు. కరెంటు మీటరు పెట్టె లోపల, అటక కింద, గుడిలో గంట స్తంభం, రేషన్ షాపు షట్టరు వెనక, ఇలాంటి చోట్ల చెక్కుచెదరవు. మనుషుల్ని అడిగేటప్పుడు "మెడ లోతండీ" అంటారు, ఎక్కడ నిలబడితే మెడ లోతో అడుగు, రోడ్డు మీదా, అరుగు మీదా. ఏ రోజు ఏ టైముకి అనేది కూడా అడుగు, పాలవాడు రాని రోజు, కరెంటు పోయిన రాత్రి, ఇలా అడిగితే కరెక్టుగా చెప్తారు. ఆ గీతకి డీజీపీఎస్ ఎత్తు తీసుకో. ఇలాంటివి పాతిక దొరికితే నీ ప్రాజెక్టు మిగతావాళ్ళందరి కంటే మెరుగు. మోడల్ మట్టానికీ గీతకీ అర అడుగు లోపు వస్తే సంతోషించు, రెండడుగులుంటే ఎన్ మార్చి అతికించకు, ఏ గట్టు మర్చిపోయావో వెతుకు.

చివర మ్యాప్ మీద ఏం రాస్తావన్నది కూడా అడిగావు. వందేళ్ళ వరదంటే వందేళ్ళకోసారి కాదు, ఏ ఏడాదైనా 1 శాతం, 30 ఏళ్ళ హోమ్‌లోన్ కట్టేలోపు ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ (ఎన్‌డీఎంఏ) మార్గదర్శకాల్లో ఇళ్ళూ ఆఫీసులూ 25 ఏళ్ళ వరద మట్టం పైన ఉండాలని, పరిశ్రమలు, ఆస్పత్రుల్లాంటివి వందేళ్ళది గానీ ఇప్పటిదాకా చూసిన గరిష్ఠ మట్టం గానీ దాటి ఉండాలని ఉంది, కాబట్టి రెండు గీతలూ గియ్యి. వరద మైదానాల జోనింగ్‌కి నమూనా బిల్లు 1975లోనే కేంద్రం రాష్ట్రాలకి పంపింది, మణిపూర్, రాజస్థాన్, ఉత్తరాఖండ్, అప్పటి జమ్మూకశ్మీర్ లాంటి కొద్ది రాష్ట్రాలే చట్టం చేశాయి, అంతే. మన దగ్గర జనానికి తెలిసింది బఫర్ జోను, అది చెరువు ఎఫ్‌టీఎల్ (నిండు నీటిమట్టం) గీత నుంచో ఏటి ఒడ్డు నుంచో టేపు పెట్టి ఇన్ని మీటర్లని కొలిచేది. నీళ్ళకి టేపు తెలీదు, ఒక ఒడ్డున ఇరవై మీటర్లకే ఆగుతాయి, ఇంకో ఒడ్డున రెండు కిలోమీటర్లు పోతాయి. నీ రిపోర్టులో బఫర్ గీతా, వరద గీతా ఒకే బొమ్మ మీద వేసి చూపించు, ఎక్కడ బఫర్ బయట వరద గీత ఉందో అక్కడ ఎర్ర రంగెయ్యి, వైవాలో మిగతాది నువ్వు మాట్లాడక్కర్లేదు.

గీత మరీ సన్నగా, ఇంటి గోడ మధ్యలోంచి పోయేలా గియ్యకు. కృష్ణ మట్టం ఒక అడుగు పైకీ కిందకీ, ఎన్ 20 శాతం అటూ ఇటూ మార్చి నాలుగైదు రన్‌లు వేస్తే గీత ఎంత మేర జరుగుతుందో తెలుస్తుంది, ఆ మందంలోనే గియ్యి.

ముందు మాత్రం వేరే ఏమీ ముట్టుకోకుండా, ఇప్పుడున్న చెత్త డెమ్ మీదే, డైవర్షన్ ఛానల్ చివర నార్మల్ డెప్త్ తీసేసి సెప్టెంబరు 2 నాటి కృష్ణ మట్టం పెట్టి ఒక్క రన్ వెయ్యి. బ్యారేజీ ఎగువ మట్టం తీసుకుని, సంగమం దాకా ఉన్న దూరానికి వాలు కలుపుకో, బ్యారేజీ అంకె అలాగే పెట్టెయ్యకు. పాత ప్రొఫైలూ కొత్త ప్రొఫైలూ ఒకే గ్రాఫ్‌లో వేసి వెలగలేరు దగ్గర ఎంత లేచిందో ఇక్కడ పెట్టు, గట్టు ఎత్తు తెలిస్తే అది కూడా. ఆదివారం చూస్తా.